గేటు లోపలి బండికి పోలీసు చలానా? మన అసోసియేషన్ కార్యవర్గానికి బహిరంగ లేఖ

అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి గార్లకు, కార్యవర్గ సభ్యులకు, మన అపార్ట్‌మెంట్‌లోని ఫ్లాట్ యజమానులకు, అద్దెకుంటున్న కుటుంబాలకు నమస్కారం.

గత ఆదివారం సెల్లార్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో నాలుగో అంశంగా మీరు చదివి వినిపించిన తీర్మానం గురించి ఈ లేఖ రాస్తున్నాను. సెల్లార్‌లోనూ, కాంపౌండ్ లోపలి ఖాళీ జాగాలోనూ ఇష్టం వచ్చినట్టు బండ్లు నిలుపుతున్నవారికి ట్రాఫిక్ పోలీసులచేత చలాన్లు వేయించాలనీ, అందుకోసం సిబ్బంది ఎప్పుడైనా లోపలికి వచ్చి ఫొటోలు తీసుకునేందుకు అసోసియేషన్ తరఫున సమ్మతి పత్రం ఇవ్వాలనీ దాని సారాంశం. హాజరైనవారిలో అత్యధికులు చేతులెత్తారు. నేను ఎత్తలేదు. ఎందుకో చెప్పబోయేసరికి ఇడ్లీల డబ్బాలు రావడంతో సమావేశం అక్కడికి ముగిసిపోయింది. అందుకే చెప్పదలచినదంతా రాసి పెడుతున్నాను. హైదరాబాద్‌లో ఇలాంటి తీర్మానాలు చేస్తున్న అసోసియేషన్లు మరికొన్ని ఉన్నాయని విన్నాను కాబట్టి, వారూ చదువుతారని దీన్ని బహిరంగ లేఖగానే రాస్తున్నాను. నేను వకీలును కాను. సివిల్ కోర్టులో గుమాస్తాగా చేరి, 31 ఏళ్ల తర్వాత సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. చట్టాన్ని వాదించిన అనుభవం నాకు లేకపోయినా, దాన్ని సరిగా చదవకుండా వచ్చినవారి కాగితాలు వాపసు పోవడం మాత్రం చాలా చూశాను.

సమస్య లేదని నేను అనడం లేదు. మన కట్టడం 2003 నాటిది. 40 ఫ్లాట్లకు సెల్లార్‌లో పసుపు రంగు గీతలతో 32 స్లాట్లు గీశారు. ఆనాడు వాటిలో సగం స్కూటర్లకే సరిపోయేవి, మిగతా చోట పిల్లలు క్రికెట్ ఆడుకునేవారు. ఇవాళ ఆ 32 స్లాట్లకు 57 కార్లు పోటీపడుతున్నాయి; ద్విచక్ర వాహనాల లెక్క వాచ్‌మన్‌కు కూడా తెలియదు. పొద్దున ఎనిమిదింటికి ఒక కారు బయటికి రావాలంటే దాని వెనక నిలిపినవారికి ఫోన్ చేయాలి, వారు ఎత్తకపోతే వాచ్‌మన్ మెట్లెక్కి తలుపు కొట్టాలి, వారు సగం గడ్డం గీసుకున్న మొహంతో దిగివచ్చి విసుక్కుంటూ బండి తీయాలి. ఈ తంతు నేనూ రోజూ చూస్తున్నాను. నా కారే అడ్డంగా ఉందని రెండుసార్లు మాట పడ్డాను కూడా.

ఈ తీర్మానం ఆలోచన ఎక్కడ పుట్టిందో అందరికీ తెలుసు. గత నెల రెండో అంతస్తులో అద్దెకుంటున్న అబ్బాయి, పగలంతా ఖాళీగా ఉండే 14వ నంబరు స్లాట్‌లో కారు పెట్టి ఆఫీసు బస్సెక్కి వెళ్లాడు. ఆ రోజు స్లాట్‌వారు త్వరగా ఇంటికొచ్చి, కారు చూసి, కోపంతో ఫొటో తీశారు. ఆ ఫొటో ఎన్ని ఫోన్లు దాటి ఎక్కడికి చేరిందో గాని, మూడో రోజున అతనికి రాంగ్ పార్కింగ్ చలాన్ వచ్చింది. ఆ చలాన్ నేను చూశాను. ఫొటోలో కారు వెనక భాగం, పక్కనే 14 అని రాసి ఉన్న స్తంభం, స్తంభానికి బిగించిన మన బోరు మోటారు స్టార్టర్ పెట్టె, దాని మీద ఎవరో ఆరేసిన కారు తుడిచే గుడ్డ స్పష్టంగా కనిపిస్తున్నాయి. స్థలం అన్న చోట మాత్రం మన వీధి చివరనున్న మెయిన్ రోడ్డు పేరు ఉంది. ఆ చలాన్ ఎవరు రాశారో, ఏ స్టేషన్‌దో ఇక్కడ రాయను. నా పేచీ వారితో కాదు, దాన్ని చూసి 'ఇదేదో బాగుందే' అనుకున్న మనతో.

ఇక చట్టం సంగతి. నిలిపిన బండి విషయంలో మోటారు వాహనాల చట్టం, 1988 పోలీసులకు ఇచ్చిన అధికారం ప్రధానంగా మూడు సెక్షన్లలో ఉంది. ఇతరులకు ప్రమాదం, ఆటంకం లేదా మితిమీరిన అసౌకర్యం కలిగే తీరులో బండిని వదిలేయకూడదని 122వ సెక్షన్ చెబుతుంది. పది గంటలు లేదా అంతకు మించి దిక్కూమొక్కూ లేకుండా వదిలేసిన బండిని, లేదా నిలపకూడదని చట్టప్రకారం నిషేధించిన చోట నిలిపిన బండిని క్రేనుతో తీయించడానికి గాని, చక్రానికి తాళం వేయించడానికి గాని యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారికి 127వ సెక్షన్ వీలు కల్పిస్తుంది. రాకపోకలకు అడ్డుగా బండి పెట్టినవారికి 500 రూపాయల వరకు జరిమానా వేయవచ్చని 201వ సెక్షన్, 2019 సవరణ తర్వాతి రూపంలో, అంటుంది. ఇక విడిగా శిక్ష చెప్పని ఉల్లంఘనలన్నిటికీ వర్తించే 177వ సెక్షన్ ఉంది. 2019 సవరణ దాని కింది జరిమానాను మొదటిసారికి 100 నుంచి 500 రూపాయలకు, ఆ తర్వాతి వాటికి 300 నుంచి 1,500కు పెంచింది. అయితే 177వ సెక్షన్ తనంతట తాను ఏ నేరాన్నీ సృష్టించదు, ముందు వేరే ఏదో సెక్షన్నో నియమాన్నో అతిక్రమించి ఉండాలి. అతిక్రమించారని చెప్పడానికి చూపాల్సిన 122లో, 127లో, 201లో బండి ఎక్కడ నిలిచి ఉండాలో ఒకే మాటలో ఉంది: 'పబ్లిక్ ప్లేస్'.

ఆ మాటకు అర్థం మనం ఊహించుకోనక్కర్లేదు. అదే చట్టంలో 2వ సెక్షన్ 34వ క్లాజు దాన్ని నిర్వచించింది. దారిగా వాడినా వాడకపోయినా, ప్రజలకు ప్రవేశించే హక్కు ఉన్న రోడ్డు, వీధి, బాట లేదా మరే ఇతర ప్రదేశమైనా పబ్లిక్ ప్లేస్ అవుతుంది. బస్సులు ప్రయాణికులను ఎక్కించుకునే, దింపే చోట్లు కూడా అందులోకే వస్తాయి. నిర్వచనం అంతా 'హక్కు' అన్న ఒక్క మాట మీద నిలబడింది. మన గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, ఏ ఫ్లాట్‌కని అడిగి, రిజిస్టరులో సంతకం పెట్టించి, ఇంటర్‌కమ్‌లో మనం సరేనన్న తర్వాతే ఎవరినైనా లోపలికి వదులుతాడు. పాలవాడైనా, కొరియర్ కుర్రాడైనా, మా అల్లుడైనా మన అనుమతితో వస్తున్నారే గాని హక్కుతో రావడం లేదు.

చట్టం రాసినవారు తొందరలో ఆ మాట వాడేశారేమో, వారి ఉద్దేశం అన్ని చోట్లా అనేమో అని మన కోశాధికారి గారు నాతో అన్నారు. ఆయన సందేహానికి జవాబు 39వ సెక్షన్‌లోనే ఉంది. రిజిస్ట్రేషన్ లేని బండిని పబ్లిక్ ప్లేస్‌లో గాని 'మరే ఇతర ప్రదేశంలో' గాని నడపకూడదని అక్కడ రాశారు. అంటే ప్రైవేటు జాగాను కూడా కలుపుకోవాలనుకున్నప్పుడు ఎలా రాయాలో వారికి తెలుసు, కలుపుకోవాలనుకున్న చోట కలుపుకున్నారు కూడా. పార్కింగ్ సెక్షన్లలో ఆ అదనపు మాటలు లేవు.

దీనిపై మన పక్క రాష్ట్రం నుంచే వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2025 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. విశాఖ ఉక్కు కర్మాగారం డిస్పాచ్ యార్డులో సరుకు మోసే పనికి ఒక లాజిస్టిక్స్ కంపెనీ 36 వాహనాలను వాడింది. ఆ బండ్లు ప్రహరీ దాటి రోడ్డు మీదికి రాలేదు గనుక ఆ కాలానికి వాహన పన్ను కట్టనక్కర్లేదని కంపెనీ, కట్టాల్సిందేనని రవాణా శాఖ వాదించాయి. కంపెనీ 22,71,700 రూపాయలు కట్టి హైకోర్టుకు వెళ్లింది. అక్కడ ఏక సభ్య ధర్మాసనం ఆ సొమ్ము తిరిగి ఇమ్మంది, డివిజన్ బెంచి కాదంది, చివరికి సుప్రీంకోర్టు మొదటి తీర్పునే నిలబెట్టింది. చుట్టూ ప్రహరీ ఉండి, రాకపోకలు గేటు దగ్గర నియంత్రణలో ఉండి, అనుమతి లేనిదే ఎవరూ లోపలికి పోలేని యార్డు పబ్లిక్ ప్లేస్ కాదన్నది అందులోని ప్రధానాంశం. అది పన్ను కేసు, మనది పార్కింగ్ గొడవ. అయినా అంత పెద్ద కర్మాగారంలోని యార్డే పబ్లిక్ ప్లేస్ కానప్పుడు, ర్యాంపు దిగితే తల వంచుకుని నడవాల్సిన మన సెల్లార్ ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

ఎదురు వాదన లేదని కాదు. ప్రమాద పరిహారం కేసుల్లో కొన్ని హైకోర్టులు పబ్లిక్ ప్లేస్ అన్న మాటకు విశాలమైన అర్థం చెప్పి, పరిమితంగానైనా జనం వచ్చిపోయే ప్రైవేటు ఆవరణలను అందులో చేర్చాయి. కాలు పోగొట్టుకున్న మనిషికి బీమా కంపెనీ సొమ్ము ఎగ్గొట్టకుండా చూడడానికి వేసిన ఆ వ్యాఖ్యానాన్ని, పక్క ఫ్లాట్ కుర్రాడి మీద జరిమానా వేయడానికి అరువు తెచ్చుకోలేం. శిక్ష వేసే సెక్షన్‌ను దాని అక్షరానికి మించి సాగదీయకూడదని కోర్టులు ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక. గేటు కనబడినంత మాత్రాన లోపలిదంతా ప్రైవేటు అనుకోవద్దు. మన నగరంలో అనుమతి పొందిన లేఅవుట్లలో లోపలి రోడ్లను, పార్కులను స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ ద్వారా రాసిస్తారు. ఆ తర్వాత కాలనీవాళ్లు చందాలు వేసుకుని గేటు కట్టి, సెక్యూరిటీని పెట్టినా ఆ రోడ్డు ప్రభుత్వ రోడ్డే. అక్కడ ఎవరినీ ఆపే హక్కు కాలనీకి లేదు, అడ్డంగా నిలిపిన బండికి చలాన్ రాసే అధికారం పోలీసులకు ఉంది. మన వెనక వీధి కాలనీ సరిగ్గా అలాంటిదే. మనది ఒకే ప్లాటు మీద కట్టిన అపార్ట్‌మెంట్. సెల్లార్, దాని ర్యాంపు, చుట్టూ వదిలిన ఖాళీ జాగా మన సేల్ డీడ్లలో అవిభాజ్య వాటాగా రాసి ఉన్న నేలలోనివే.

సమ్మతి పత్రం ఇస్తే సరిపోతుందన్నది మీ తీర్మానంలోని రెండో పొరపాటు. కోర్టు గుమాస్తాగా నేను మొదటి ఏడాదిలోనే నేర్చుకున్న సంగతి ఒకటుంది: ఇరుపక్షాలూ ఒప్పుకున్నా సరే, చట్టం ఇవ్వని అధికార పరిధి కోర్టుకు రాదు. పోలీసుకైనా అంతే. మనం పిలిస్తే వారు అతిథులుగా రావచ్చు, టీ తాగి వెళ్లవచ్చు. మన సంతకంతో మన సెల్లార్ రోడ్డు అయిపోదు. పైగా ఆ సమ్మతి 40 మంది యజమానుల ఉమ్మడి జాగా మీద, వారిలో కొందరికి వ్యతిరేకంగా, మిగతావారు ఇచ్చేది. అద్దెకున్నవారిని ఎవరూ అడగనే లేదు.

పోలీసులు గేటు లోపలికి రానే కూడదని నా మాటలకు అర్థం తీయవద్దు. దొంగ బండి నిలిపారన్నా, నెలల తరబడి ఎవరిదో తెలియని కారు అనుమానాస్పదంగా పడి ఉందన్నా, పార్కింగ్ కోసం చేయి చేసుకున్నారన్నా, తాగి నడిపి పిల్లవాణ్ణి గుద్దారన్నా తప్పకుండా 100కో 112కో ఫోన్ చేద్దాం, వారు తప్పకుండా రావాలి. అవి నేరాలు. వేరేవారి స్లాట్‌లో కారు పెట్టడం మర్యాద తప్పడం, మన నిబంధనలను మీరడం, మహా అయితే సివిల్ తగాదా.

రెండో అంతస్తు అబ్బాయి చలాన్ సంగతికి వస్తే, అతను అది కట్టేద్దామనే అనుకున్నాడు. మన నగరంలో చలాన్ అంటే కట్టడమో, రాయితీ వచ్చేదాకా ఆగడమో తప్ప మూడో దారి ఉందని ఎవరికీ తోచదు. 2022 మార్చిలో, మళ్లీ 2023 డిసెంబరు చివర పెండింగ్ చలాన్లపై భారీ రాయితీలు ప్రకటించినప్పుడు మన అపార్ట్‌మెంట్‌లోనే ఎన్ని ఫోన్లు ఒకేసారి తెరుచుకున్నాయో గుర్తుంది. నిజానికి చలాన్ ఒక ఆరోపణ మాత్రమే. 200వ సెక్షన్ కింద సొమ్ము కట్టడమంటే కోర్టు దాకా పోకుండా రాజీపడడం. రాజీ ఇష్టం లేనివారు ఆక్షేపించవచ్చు, చివరికి మేజిస్ట్రేటు ముందు చెప్పుకోవచ్చు. కెమెరాల ద్వారా వేసే చలాన్ల కోసం 2021లో కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో చేర్చిన 167ఏ నియమం, ఆ పరికరానికి ఆమోద పత్రం ఉండాలనీ, నోటీసులో తేదీ, సమయం, స్థలం, ఉల్లంఘించిన నిబంధన ఉండాలనీ చెబుతుంది. పొరుగింటివారి ఫోనుకు ఆమోద పత్రం ఎక్కడిది? స్తంభం మీద 14 అంకె, బోరు పెట్టె కనిపించే ఫొటోకు మెయిన్ రోడ్డు పేరు తగిలిస్తే అది స్థలం ఎలా అవుతుంది? అతని ఆక్షేపణ అర్జీ నేనే రాసిచ్చాను. దాంతోపాటు సెల్లార్ ఫొటో, ప్లాను నకలు జతచేశాం.

చక్రాల తాళాల ముచ్చట కూడా తేల్చాలి. చలాన్లు వచ్చేలోపు అని కార్యవర్గం రెండు పసుపు రంగు వీల్ లాకులు కొనిపించింది. కొన్న వారంలోనే, ఒకటో అంతస్తులో తుంటి ఎముక విరిగి మంచాన ఉన్న పెద్దావిడకు వ్యాయామం చేయించడానికి వచ్చే ఫిజియోథెరపిస్టు కారుకు ఒకటి బిగించారు. తాళం చెవి కార్యదర్శి గారి జేబులో, కార్యదర్శి గారు పెళ్లికి వరంగల్‌లో. ఆమె ఆటోలో తర్వాతి రోగి ఇంటికి వెళ్లి, సాయంత్రం వచ్చి కారు తీసుకెళ్లింది, మళ్లీ రాలేదు. చక్రానికి తాళం వేసే అధికారాన్ని 127వ సెక్షన్ యూనిఫాంలోని పోలీసుకు ఇచ్చింది, అదీ పబ్లిక్ ప్లేస్‌లోనే. అసోసియేషన్‌కు అసలే లేదు. ఆమె గట్టిగా పట్టుబట్టి ఫిర్యాదు చేసి ఉంటే, చలాన్ వేయించాలని పోలీసులను పిలిచే మనమే స్టేషన్‌లో సమాధానం చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ లాకులను దయచేసి స్టోరు రూములో పడేయండి.

చట్టం ప్రకారం పోలీసులకు పూర్తి అధికారం ఉన్న చోటు ఒకటుంది, అది మన గేటు ముందే. రాత్రి పదింటికి ఒకసారి బయటికి వచ్చి చూడండి. సెల్లార్‌లో పట్టని మన కార్లు 20కి పైగా వీధికి రెండు వైపులా, సగం చక్రాలు ఫుట్‌పాత్ మీద పెట్టి నిలిచి ఉంటాయి. ఫుట్‌పాత్ మీద నిలపకూడదని 2017 నాటి డ్రైవింగ్ నిబంధనలు చెబుతాయి; దారికి అడ్డు పెట్టినందుకు భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ 5,000 రూపాయల వరకు జరిమానా అంటుంది. మొన్న వేసవిలో ఎదురింటి పెద్దాయనకు గుండెపోటు వస్తే అంబులెన్సు వీధి మొదట్లోనే ఆగిపోయి, స్ట్రెచర్‌ను మన కార్ల మధ్య నుంచి పక్కకు తిప్పి మోసుకెళ్లారు. ఆ రాత్రి అడ్డుగా ఉన్నవాటిలో తెల్ల కారు కార్యవర్గ సభ్యులొకరిది. అక్కడ చలాన్లు వేయించాలని తీర్మానం పెట్టండి, నేను రెండు చేతులూ ఎత్తుతాను. అది పెట్టరని నాకు తెలుసు, ఎందుకంటే అక్కడ నిలిచేవి యజమానుల కార్లు. సెల్లార్‌లో చలాన్ వచ్చింది కిరాయికున్న కుర్రాడికి.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది, దాన్ని మనం ఇరవై ఏళ్లుగా ముట్టుకోలేదు. 14వ నంబరు స్లాట్ ఎవరిది? బిల్డరు కొందరికి పార్కింగ్ కోసం విడిగా డబ్బు తీసుకుని తెల్ల కాగితం మీద నంబరు రాసిచ్చాడు, కొందరి సేల్ డీడ్‌లో 'ఒక కారు పార్కింగ్' అని మాత్రమే ఉంది, ఎనిమిది మందికి అసలేమీ లేదు. ముంబయికి చెందిన నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు 2010 ఆగస్టు 31న, స్టిల్ట్ పార్కింగ్‌ను, అంటే కట్టడం కింద స్తంభాల మధ్య బండ్ల కోసం వదిలే జాగాను, బిల్డరు విడిగా అమ్ముకోవడానికి వీల్లేదని, అది ఉమ్మడి జాగాలో భాగమని చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద ఇచ్చిన తీర్పు. మనకు వర్తించే 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం కూడా సెల్లార్లను, పార్కింగ్ స్థలాలను ఉమ్మడి స్థలాల్లోనే లెక్కించింది. అంటే 14వ నంబరువారి కోపానికి ఆధారమైన తెల్ల కాగితం ఏ పాటి గట్టిదో తేలలేదు. అది తేలకుండా చలాన్ రాసే పోలీసు, ఎవరి స్లాట్‌లో ఎవరు నిలిపారో నిర్ణయించే సివిల్ జడ్జి అయిపోతాడు. ఆ పని ఆయనది కాదు, ఆయన కోరుకుంటున్నదీ కాదు.

కాబట్టి నా విన్నపం ఇది. నాలుగో తీర్మానాన్ని ఉపసంహరించుకుని, వచ్చే నెల సమావేశంలో స్లాట్ల కేటాయింపును ఏకైక అంశంగా పెట్టండి. ఎవరి దగ్గర ఏ కాగితం ఉందో అందరూ నకళ్లు తెచ్చి పెట్టాలి. పగలు ఖాళీగా ఉండే స్లాట్లను ఇతరులు వాడుకునే పద్ధతి, వచ్చేపోయేవారి కోసం ర్యాంపు పక్కన రెండు జాగాలు, ఇంటికి రెండో కారు ఉంటే నెలనెలా అదనపు మెయింటెనెన్స్, నియమం తప్పితే ఎంత కట్టాలో బైలాస్‌లో, అంటే అసోసియేషన్ నియమావళిలో, రాసుకుని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించడం గురించి మాట్లాడుకుందాం. బైలాస్‌లో లేని జరిమానాను అసోసియేషన్ కూడా వేయలేదని మరవకండి. అప్పటికీ ఎవరైనా మొండికేస్తే లోక్ అదాలత్‌లో కేసు వేయకముందే రాజీకి కూర్చోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అదీ కుదరకపోతే సొసైటీల చట్టం, 2001లోని 23వ సెక్షన్ కింద జిల్లా కోర్టు ఉండనే ఉంది. అర్జీలు రాసిపెట్టే పని నాది, ఉచితంగానే.

సెల్లార్ ప్లాను నకలు ఒకటి నా దగ్గర ఉంది. కార్పొరేషన్ ముద్ర వేసిన ఆ ప్లానులో స్లాట్లు 32 కాదు, 36. మిగతా నాలుగింటి స్థానంలో ఇప్పుడు అసోసియేషన్ ఆఫీసు గది, పాత సోఫాలు, ఎవరూ తీసుకెళ్లని ఒక ఫ్రిజ్ ఉన్నాయి. సమావేశానికి ఆ ప్లాను తెస్తాను. టేపు ఎవరైనా తెస్తే కొలుచుకుందాం.

ఇట్లు,
మూడో అంతస్తులోని ఒక ఫ్లాట్ యజమాని
హైదరాబాద్